రేషియోలు అందరికీ వస్తున్నాయి, లోను నోటు (అప్పు ఇవ్వొచ్చా లేదా, ఎందుకు అని రాసే కాగితం) మాత్రం రాయలేకపోతున్నారు. ఫైనాన్షియల్ అనాలిసిస్ ఎలా నేర్పుతున్నారు?

రాయగడ_ఖాతా (రాయగడ)

అందరికీ నమస్కారం. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చేవాళ్లకి శని, ఆదివారాల్లో ఫైనాన్షియల్ అనాలిసిస్ క్లాసులు చెబుతున్నాను. వీళ్లు కాలేజీ పిల్లలు కారు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే. సగం మంది సహకార బ్యాంకుల్లో, ఫైనాన్స్ కంపెనీల్లో లోన్లు చూస్తారు. మిగతావాళ్లు రైస్ మిల్లుల అకౌంటెంట్లు, ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గర పనిచేసేవాళ్లు.

సమస్య ఏమిటంటే, కరెంట్ రేషియో (ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తుల్ని ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులతో భాగిస్తే వచ్చేది) ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అదే ఒక బ్యాలెన్స్ షీట్ చేతిలో పెట్టి "ఈయనకి యాభై లక్షలు ఇస్తావా?" అంటే నోరు పెగలదు. గట్టిగా అడిగితే "1.33 దాటింది కదా సార్, ఇవ్వొచ్చు" అంటారు. ఆ 1.33 ఎక్కడి నుంచి ఊడిపడిందో ఒక్కరికీ తెలియదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్లైడ్లు వేస్తే వెనక బెంచీ మొత్తం తూగుతోంది.

పని చేసేవాళ్లకి పనికొచ్చేలా ఎలా నేర్పుతున్నారో చెప్పండి. పుస్తకాల పేర్లు వద్దు, క్లాసులో మీరు ఏం చేస్తారో కావాలి.

బరంపురం_పాతబ్యాంకు (బరంపురం)

రాయగడ గారూ, ముందు ఆ ప్రొజెక్టర్ కట్టేయండి.

నేను క్రెడిట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా క్లాసులో మొదటి పూట ఫార్ములా అన్న మాటే ఉండదు. ఇద్దరిద్దర్ని జంట కలిపి ఒక్కో జంటకి ఒక కాగితాల కట్ట ఇస్తాను. అందులో ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, జీఎస్టీ రిటర్నులు, నెలనెలా బ్యాంకుకి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు ఉంటాయి. బ్యాలెన్స్ షీట్లు కావాలనే అడుగున పెడతాను. అడిగేది ఒక్కటే: ఈయనకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఏ నెలలో వస్తోంది, ఏ నెలలో పోతోంది? సగం కాగితం మీద చేత్తో రాసి ఇవ్వాలి. కాలిక్యులేటర్ చాలు, కంప్యూటర్ ముట్టుకోకూడదు.

మన వైపు రైస్ మిల్లు కేసు కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. క్లాసు కోసం అల్లుకున్న లెక్క ఇది, ఎవరి మిల్లూ కాదు. క్యాష్ క్రెడిట్ (సరుకు, బాకీలు చూపించి బ్యాంకు నుంచి వాడుకునే అప్పు) లిమిట్ కోటి రూపాయలు, మొత్తం వాడేశాడు. స్టాక్ స్టేట్‌మెంట్‌లో సరుకు 150 లక్షలు, రావలసిన బాకీలు 60 లక్షలు, సరుకు ఇచ్చినవాళ్లకి కట్టాల్సింది 35 లక్షలు. సరుకు మీద 25 శాతం, బాకీల మీద 40 శాతం మార్జిన్ (బ్యాంకు లెక్కలోంచి తీసేసే వాటా) అనుకుందాం. 150లోంచి 35 తీస్తే 115, దాంట్లో మార్జిన్ పోతే 86.25. బాకీల మీద 36. డ్రాయింగ్ పవర్, అంటే వాడుకోగల అప్పు, 122.25 లక్షలు. కోటి లిమిట్‌కి బ్రహ్మాండంగా సరిపోయింది. క్లాసంతా టిక్కు పెట్టేస్తుంది.

అప్పుడు అడుగుతాను, గోదాంలో ఉన్న ఆ ధాన్యం ఎవరిది అని.

ఒడిశాలో సివిల్ సప్లైస్ కార్పొరేషన్ రైతుల దగ్గర కొన్న ధాన్యాన్ని మర ఆడించడానికి మిల్లులకి ఇస్తుంది. క్వింటాల్‌కి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. మిల్లరుకి దక్కేది ఆడించిన కూలి, తవుడులాంటివి. ధాన్యం మాత్రం ఆయనది కాదు. ఆ 150లో 90 లక్షల సరుకు సర్కారుదని కట్టలోనే ఇంకో కాగితం చెబుతుంది. అది తీసేసి మళ్లీ వేయమంటాను. 60లోంచి 35 పోతే 25, మార్జిన్ పోగా 18.75, దానికి 36 కలిపితే 54.75 లక్షలు. కోటి వాడుకున్న మనిషికి ఉన్న అర్హత అంతే. నలభై అయిదు లక్షలకి పైగా గాల్లో ఉంది.

ఆ పూటతో వాళ్లకి డ్రాయింగ్ పవర్ అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని ఉండదు.

సీఏ_కోరాపుట్ (కోరాపుట్)

సార్ పద్ధతి మీద గౌరవం ఉంది గానీ, నాది కొంచెం వేరే అభిప్రాయం. పునాది లేనివాడికి కట్ట ఇస్తే కాగితాలు తిరగేస్తాడు తప్ప ఏమీ పట్టుకోడు. డెప్రిసియేషన్ (యంత్రాల అరుగుదల కింద రాసే ఖర్చు) డబ్బు రూపంలో బయటికి పోదని తెలియనివాళ్లు నా బ్యాచుల్లో ఉన్నారు. అలాంటివాళ్లకి క్యాష్ ఫ్లో గురించి ఏం చెబుతాం? కనీసం మూడు స్టేట్‌మెంట్లు (లాభనష్టాలు, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో) ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో ముందు రావాలి. కట్ట తరవాత.

ఇంకో మాట. ఆ 90 లక్షలు స్టాక్ స్టేట్‌మెంట్‌లోనే కాకుండా బ్యాలెన్స్ షీట్‌లో కూడా ఎక్కించి ఉంటే? ఆ ప్రశ్న కూడా వేయాలి కదా.

బరంపురం_పాతబ్యాంకు (బరంపురం)

వేస్తాను బాబూ, రెండో పూట. ముగింపు సరుకులో 90 లక్షలు ఎక్కువ చూపిస్తే అంతకి అంత లాభం పెరుగుతుంది. గ్రాస్ ప్రాఫిట్ శాతం ముందు ఏడాదికీ ఈ ఏడాదికీ ఒక్కసారిగా ఎగిరి ఉంటుంది. అక్కడ రేషియో పనికొస్తుంది. రేషియోతో జవాబు రాదు, ఏ కాగితం తీసి చూడాలో తెలుస్తుంది. నేను రేషియోలు నేర్పొద్దు అనడం లేదు, ముందు నేర్పొద్దు అంటున్నాను.

డెప్రిసియేషన్ సంగతి నిజమే. అలాంటివాళ్లకి ముందు రోజు సాయంత్రం విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. వాళ్ల కోసం మొత్తం క్లాసుని రెండు వారాలు జర్నల్ ఎంట్రీల్లో ముంచితే, ఉద్యోగాలున్నవాళ్లు మూడో వారం రారు.

జయపురం_లోన్‌డెస్క్ (జయపురం)

నేర్చుకునే వైపు నుంచి ఒక మాట. నేను వెళ్లిన ట్రైనింగ్‌లో (పేరు వద్దు) మొదటి రోజే తయారుగా ఉన్న ఎక్సెల్ షీట్ ఇచ్చారు. పసుపు గడుల్లో అంకెలు నింపితే చాలు, సీఎంఏ డేటా (లోనుకి బ్యాంకు అడిగే లెక్కల పట్టికలు), ఎంపీబీఎఫ్ (బ్యాంకు ఇవ్వగల గరిష్ఠ అప్పు) అన్నీ కింద వచ్చేస్తాయి. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. బ్రాంచికి వచ్చాక మేనేజర్ గారు "ఈ అంకె ఎందుకు తగ్గింది?" అంటే షీట్ వైపు చూడటం తప్ప ఏమీ లేదు. అందరి పరిస్థితీ ఇంతే. షీట్ మేమే కట్టుకునేలా చేస్తే బాగుంటుంది.

1.33 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెబితే నాకూ కావాలి.

సీఏ_కోరాపుట్ (కోరాపుట్)

చెబుతాను. రిజర్వ్ బ్యాంకు 1974లో టాండన్ కమిటీ వేసింది, 1975లో రిపోర్టు వచ్చింది. అందులో అప్పు లెక్కగట్టే రెండో పద్ధతి ప్రకారం మొత్తం కరెంట్ ఆస్తుల్లో 25 శాతం వ్యాపారి తన సొంత డబ్బు, దీర్ఘకాలిక నిధుల నుంచి తేవాలి. ఆస్తులు 100 అయితే 25 ఆయనవి, కరెంట్ అప్పులు 75కి మించకూడదు. 100ని 75తో భాగించండి, 1.33. అంతే కథ.

నేను క్లాసులో ఇది చెప్పను, వాళ్ల చేత కట్టిస్తాను. "25 శాతం బదులు 20 శాతం అడిగితే రేషియో ఎంత?" అంటాను. 1.25 అని వాళ్లే లెక్క వేసుకుంటారు. అప్పుడు అదేమీ శిలాశాసనం కాదని, ఒక కమిటీ పెట్టిన కోరిక అని అర్థమవుతుంది.

చిన్న యూనిట్లకి నాయక్ కమిటీ టర్నోవర్ పద్ధతి ఉంది. ఏడాది అమ్మకాల అంచనాలో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి కావలసిన డబ్బు) అవసరమని లెక్క, అందులో 20 బ్యాంకుది, 5 వ్యాపారిది. 2 కోట్ల టర్నోవర్ అంటే బ్యాంకు 40 లక్షలు, సొంతం 10 లక్షలు.

పర్లాకిమిడి_కామర్స్ (పర్లాకిమిడి)

సీఏ గారు చెప్పిన 25 శాతం వెనక ఒక ఊహ ఉంది, అది కూడా క్లాసులో విప్పాలి. డబ్బు సరుకై, సరుకు మళ్లీ డబ్బై తిరిగి రావడానికి మూడు నెలలు పడుతుందని, అంటే ఏడాదికి నాలుగు చుట్లు అని. కిరాణా హోల్‌సేల్‌కి అది ఎక్కువే అవుతుంది. మా జీడిపప్పు యూనిట్లకి చాలదు.

నేను కాలేజీలో చెబుతాను, సాయంత్రాలు పనిచేసేవాళ్ల బ్యాచ్ కూడా ఉంది. జీడి కేసు ఇలా ఇస్తాను. టర్నోవర్ 4 కోట్లు, అందులో పిక్కల ఖర్చు 70 శాతం, అంటే 2.8 కోట్లు. పంట మార్చి నుంచి మే దాకా వస్తుంది. ఏడాది అవసరంలో సగం సీజన్‌లోనే కొని పెట్టుకుంటే మే నెలాఖరుకి 1.4 కోట్ల సరుకు గోదాంలో ఉంటుంది. టర్నోవర్ పద్ధతిలో బ్యాంకు ఇచ్చేది 80 లక్షలు. మిగతాది ఎక్కడి నుంచి? ఇక్కడ క్లాసులో వాదన మొదలవుతుంది. సొంత డబ్బు అని ఒకరు, పలాస వ్యాపారి దగ్గర అప్పు అని ఒకరు, చీటీ పాట అని ఒకరు. ఆ బాకీ బ్యాలెన్స్ షీట్‌లో ఏ పేరుతో దాక్కుని ఉంటుందో వెతకమంటాను.

ఇంకో చిక్కు, ఖాతాలు మార్చి 31కి ముగుస్తాయి. అప్పటికి సీజన్ ఇంకా అందుకోలేదు. ఆ రోజు సరుకు తీసుకుని నిల్వ రోజులు లెక్కిస్తే యూనిట్ చాలా చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. పన్నెండు నెలల స్టాక్ స్టేట్‌మెంట్ల సగటు తీయిస్తే అసలు బొమ్మ వస్తుంది. రెండు లెక్కలూ పక్కపక్కన బోర్డు మీద వేయించండి, చాలు. తేడా ఎందుకో వాళ్లే చెబుతారు.

పిక్కల నాణ్యత కూడా వదలకండి. ఈ వ్యాపారంలో 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో చూస్తారు. 48 పౌండ్లంటే దాదాపు 21.8 కిలోలు. రెండు పౌండ్లు తగ్గితే లాభం ఎంత తగ్గుతుందో లెక్క వేయమనండి. అనలిస్టు ఆ ప్రశ్న అడిగితే యజమాని కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

రాయగడ_ఖాతా (రాయగడ)

మేడమ్, అద్భుతం. ఇది ఈ వారమే వాడతాను. మీ బ్యాచ్‌లో భాష సంగతి ఎలా? నా దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్లే ఎక్కువ. తెలుగులో నోట్సు ఇస్తే సగం మంది చదవలేరు.

పర్లాకిమిడి_కామర్స్ (పర్లాకిమిడి)

కాగితం మీద అంకెలు, ఇంగ్లిష్ పదాలే. మాట్లాడేది తెలుగూ ఒడియా కలిపి, ఎవరికి ఏది వస్తే అది. వాళ్లు రాసే నోటు మాత్రం వాళ్ల ఆఫీసులో ఏ భాషలో రాయాలో ఆ భాషలోనే రాయిస్తాను. దానికి మినహాయింపు లేదు.

చంద్రపూర్_తెలుగోడు (బల్లార్‌పూర్)

మహారాష్ట్ర వైపు నుంచి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. మీరంతా చిన్న యూనిట్ల గురించే చెబుతున్నారు. పెద్ద కంపెనీ చదవడం కూడా రావాలి కదా. నేను వాడే పద్ధతి: ఒక లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలు వరసగా ఐదేళ్లవి తీసుకుని, ఒకసారి ఒక్క ఏడాదిదే ఇస్తాను. చదివి "వచ్చే ఏడాది ఏమవుతుంది" అని ఒక పేజీ రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చాకే తరవాతి ఏడాది ఇస్తాను. వెనక్కి వెళ్లి మార్చడం కుదరదు.

మా ఊరి పేపర్ మిల్లు కంపెనీ బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ దీనికి బాగా పనికొస్తుంది. 2020లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. అంతకు ముందు సంవత్సరాలవి ఒక్కొక్కటే విప్పుతుంటే వడ్డీ భారం, నిర్వహణ నుంచి వచ్చే డబ్బు రెండూ ఎటు నడుస్తున్నాయో చూస్తారు. జయపురం దగ్గర గగనాపూర్‌లో ఉన్న సేవా యూనిట్ కూడా అప్పట్లో ఆ కంపెనీదే, కాబట్టి మీ వాళ్లకీ దగ్గరి విషయమే.

ఊరి కంపెనీ అయితే ఒక లాభం, ఒక నష్టం. అందరూ ఆసక్తిగా చదువుతారు. కానీ "మా నాన్న అందులో చేశాడు" అని మొదలుపెట్టి అంకెలు వదిలేస్తారు. పట్టి లాక్కురావాలి.

సీఏ_కోరాపుట్ (కోరాపుట్)

పెద్ద కంపెనీ అంటే తెలుగువాళ్లకి సత్యం కంప్యూటర్స్ కంటే ఏముంది? 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన ఆ లేఖ ఒక్కటే ఒక పూట పాఠం. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవని లేఖలో ఒప్పుకున్నారు. సెప్టెంబరు త్రైమాసికం రాబడి 2,700 కోట్లు, ఆపరేటింగ్ మార్జిన్ 24 శాతం అని చూపించారు, నిజానికి 2,112 కోట్లు, మార్జిన్ 3 శాతమే. రాని వడ్డీ 376 కోట్లు కూడా వచ్చినట్టు రాశారు.

బరంపురం_పాతబ్యాంకు (బరంపురం)

సత్యం కథ అందరికీ కంఠతా వచ్చు. జవాబు ముందే తెలిసిన లెక్క లెక్క కాదు. "రాజుగారు మోసం చేశారు" అని మొదటి నిమిషంలోనే అనేస్తారు, ఇక వెతకడం ఏముంది?

సీఏ_కోరాపుట్ (కోరాపుట్)

అందుకే పేరు తీసేసి, సంవత్సరం తీసేసి ఇస్తాను. "సాఫ్ట్‌వేర్ కంపెనీ" అని మాత్రమే. ఇంత నగదు చేతిలో పెట్టుకున్న కంపెనీ దాని మీద వడ్డీ ఎంత సంపాదించింది, నిల్వ ఉందని బ్యాంకు నుంచి నేరుగా ఎవరు నిర్ధారణ తెచ్చారు అనే రెండు ప్రశ్నల దగ్గరికి వాళ్లంతట వాళ్లు రావాలి. కొందరు వస్తారు, అందరూ రారు. లేఖ చివర్లో చూపిస్తాను.

జయపురం_లోన్‌డెస్క్ (జయపురం)

అన్నా, మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో వార్షిక నివేదిక ఉండదు. ప్రొప్రైటర్ గారి బ్యాంకు స్టేట్‌మెంట్, జీఎస్టీ, అంతే. వాటి మీద ఇంకొంచెం చెప్పండి.

గుణుపురం_ట్యాక్స్ (గుణుపురం)

దీనికి నేను చెబుతాను, రోజూ చేసే పనే.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్లన్నీ కూడి "ఇదే సేల్స్" అనేస్తారు. క్లాసులో నాలుగు రంగుల పెన్నులు ఇవ్వండి. కస్టమర్ల నుంచి వచ్చింది ఒక రంగు, సొంత ఖాతాల మధ్య తిప్పింది ఒకటి, లోన్లు, చేబదుళ్లు ఒకటి, రిటర్నయిన చెక్కులు ఒకటి. రంగులు వేశాక కూడమనండి. 7 కోట్లు అనుకున్నది 4 కోట్లకి దిగుతుంది కొన్నిసార్లు. తమ్ముడి ఫర్మ్ నుంచి ఉదయం వచ్చి సాయంత్రం తిరిగి పోయే ఐదు లక్షలు అప్పుడు కళ్లకి కనిపిస్తాయి. కంప్యూటర్లో ఫిల్టర్ పెడితే ఇది తొందరగా అవుతుంది గానీ మొదటిసారి చేత్తోనే చేయించండి.

జీఎస్టీఆర్-3బీ రిటర్నులో కుర్రాళ్లు 3.1(ఎ) గడి (పన్ను పడే అమ్మకాలు) ఒక్కటే చూస్తారు. రైస్ మిల్లుకి అది చాలదు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం పన్ను ఉంది. లూజు బియ్యానికి లేదు. ఆ లూజు అమ్మకం 3.1(సి)లో (పన్ను లేని అమ్మకాల గడి) ఉంటుంది. అది చూడకుండా "సేల్స్ దాచాడు" అని నోటు రాసి పార్టీ పరువు తీసినవాళ్లని చూశాను. కాబట్టి ఇలాంటి రిటర్న్ ఒకటి కట్టలో తప్పకుండా పెట్టండి. తప్పు పట్టుకోవడం ఒక్కటే నేర్పితే ప్రతివాడూ పోలీసు అయిపోతాడు. తప్పు లేని చోట లేదని చెప్పడం కూడా రావాలి.

చంద్రపూర్_తెలుగోడు (బల్లార్‌పూర్)

పై చివరి రెండు వాక్యాలకి దండం సార్.

రాయగడ_ఖాతా (రాయగడ)

ఒక ధర్మసందేహం. ఈ కట్టలు ఎక్కడి నుంచి తేవాలి? నిజం ఖాతాదారుల కాగితాలు వాడలేం. మన ఊళ్లు చిన్నవి. పేరు కొట్టేసినా అంకెలు చూసి ఎవరో చెప్పేస్తారు.

బరంపురం_పాతబ్యాంకు (బరంపురం)

వాడకూడదు కూడా. ఎవరైనా అనుమతి ఇచ్చినా పేరు, పాన్, ఖాతా నంబరు, చిరునామా తీసేసి, అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో, 1.37 అనుకోండి, గుణించండి. రేషియోలు మారవు. క్వింటాళ్లు, కరెంటు యూనిట్లు కూడా గుణించడం మర్చిపోకండి.

గుణుపురం_ట్యాక్స్ (గుణుపురం)

సార్, గుణిస్తే ఒకటి పోతుంది. ఖాతాలో నెలనెలా సరిగ్గా 9,00,000 జమ అవుతుంటే ఆ గుండ్రటి అంకెకే అనుమానం రావాలి. 1.37తో గుణిస్తే అది 12,33,000 అయి మామూలు జమలా కలిసిపోతుంది. అలాంటివి గుణించాక చేత్తో సరిచేయండి. లేదంటే మొత్తం కట్ట మీరే అల్లుకోండి. కష్టమే గానీ ఎక్కడ ఏ ముడి వేశారో మీకు తెలిసి ఉంటుంది.

పర్లాకిమిడి_కామర్స్ (పర్లాకిమిడి)

మార్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆబ్జెక్టివ్ పరీక్ష పెడితే మళ్లీ ఫార్ములాల దగ్గరికే పోతారు. నేను ఒక పేజీ నోటు రాయించి పది నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాను. ఒకరు అప్పు అడిగే యజమాని, ఒకరు ఆఫీసరు, మూడోవాళ్లు పైఆఫీసు నుంచి వచ్చిన తనిఖీ అధికారి. యజమాని పాత్ర బాగా మాట్లాడేవాళ్లకి ఇవ్వండి. వాళ్లు ఎంత తియ్యగా అబద్ధం ఆడతారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇద్దామన్నా వద్దన్నా మార్కులు ఒకటే. దేన్ని చూసి అన్నారో, ఇంకా ఏ కాగితం కావాలన్నారో దానికే మార్కులు.

సీఏ_కోరాపుట్ (కోరాపుట్)

మేడమ్ చెప్పినదానికి ఒక్క చేర్పు. నోటులో "ఏం జరిగితే ఈ అప్పు మునుగుతుంది" అనే పేరా తప్పనిసరి చేయండి. అప్పుడు ఎక్సెల్ తెరవండి. ధాన్యం ధర పది శాతం పెరిగితే, బాకీలు నెల ఆలస్యమైతే డీఎస్‌సీఆర్ (చేతికొచ్చే డబ్బు అప్పు కిస్తీ, వడ్డీలకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఎక్కడికి దిగుతుందో వాళ్లు కట్టిన షీట్‌లోనే చూడాలి. ఇన్‌పుట్ అంకెలు నీలం రంగులో, ఫార్ములాలు నలుపులో. ఫార్ములా గడిలో చేత్తో అంకె కొట్టినవాళ్లకి నా దగ్గర సున్నా.

ముందు పునాది అన్న మాట మీద మాత్రం నేను ఇంకా నిలబడే ఉన్నాను 🙂

రాయగడ_ఖాతా (రాయగడ)

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం ఇలా అనుకుంటున్నాను. శుక్రవారం సాయంత్రం బలహీనంగా ఉన్నవాళ్లకి మూడు స్టేట్‌మెంట్లు (సీఏ గారి మాట కొట్టేయలేదు). శనివారం పొద్దున రైస్ మిల్లు కట్ట, భోజనాలయ్యాక రంగు పెన్నులు, ఆ టైములో చేతులు పని చేస్తేనే మెలకువగా ఉంటారు. ఆదివారం జీడి కేసు, సాయంత్రం నోటు మీద ప్రశ్నలు. కుదిరితే తరవాతి వారం ఒక మిల్లుకి తీసుకెళ్లి బస్తాలు లెక్కపెట్టిస్తాను.

రైస్ మిల్లు కట్టకి కరెంటు బిల్లులు అల్లుతున్నాను. సీజన్ నెలలవి ఒక ఆరు పెడితే చాలా?

బరంపురం_పాతబ్యాంకు (బరంపురం)

పన్నెండూ పెట్టండి. టీపీఎస్ఓడీఎల్ (మన వైపు కరెంటు కంపెనీ) బిల్లు మీద యూనిట్లు ఉంటాయి కదా, నెలనెలా యూనిట్లని ఆడించిన క్వింటాళ్లతో భాగించమనండి. ఒకే మిల్లులో ఆ అంకె పెద్దగా కదలదు. ఆఫ్ సీజన్‌లో రెండు నెలలకి యూనిట్లు దాదాపు ఏమీ లేకుండా రాసి, ఆ నెలల్లోనే అమ్మకాలు రెట్టింపు చూపించండి. బియ్యం బయట కొని అమ్మాడా, ఉత్త బిల్లులు తిప్పాడా అన్నది కొనుగోళ్ల లెడ్జర్ చూస్తే తేలుతుంది. లెడ్జర్ కట్టలో పెట్టకండి. అడిగినవాళ్లకి మాత్రం ఇవ్వండి.